కింది ఇంటి చీపురుకట్ట

హలో… ఆ, నేనేలే, గ్రిసెల్డాని. …ఆదివారం మధ్యాహ్నం పూట నీకు ఫోన్ చేసే దిక్కుమాలిన మనిషి ఇంకెవరుంటారు?

…తిన్నా. నిన్నటి చిక్కుళ్లు వేడి చేసుకుని, రెండు తోర్తియా రొట్టెలు. …ఒక్కదానికి ఇంకేం వండుకోను ఫిదెన్సియో, నువ్వు మరీనూ. పొయ్యి వెలిగించడమే ఎక్కువ.

సరేగానీ, పని మీదే చేశా. ప్యాడ్ గురించి. …నువ్వు చేసిచ్చిందే. పాటకి తగ్గట్టు అడుగులేసి ఆడే డాన్స్ ప్యాడ్ నా ఇంట్లో ఇంకోటెక్కడుంది? …మధ్య గడి సరిగ్గా పట్టట్లేదు. …పసుపుదే. ఐదు గడుల్లో మధ్యది ఇంకేదవుతుంది? కాలేస్తే ఒకసారి పడుతోంది, ఒకసారి పడట్లేదు. తెర మీద బాణం వచ్చి పోతోంది, నా అడుగు లెక్కకి రావట్లేదు.

—ఏంటీ? ఆడలేక మద్దెల ఓడా? నన్నా ఆ మాట అంటున్నావు? బజారు వెనక ఆ ఆటల కొట్లో నీ పక్క మిషన్ మీద ఎవరు ఆడేవాళ్లో మర్చిపోయినట్టున్నావ్. నువ్వు వెనక ఊచ పట్టుకుని గబ్బిలంలా వేలాడేవాడివి. నేను చేతులు కట్టుకుని ఆడేదాన్ని. జనం మూగి చూసింది నిన్ను కాదు బాబూ. …ఆ, నలభై దాటాయి. అయితే? మోకాళ్లు నావి, నొప్పి నాది. ముందు నీ పొట్ట సంగతి చూసుకో.

…తుడిచా. …తడిగుడ్డతో కాదు, గట్టిగా పిండిన గుడ్డతోనే. నీళ్లు లోపలికి పోతే సెన్సర్ చస్తుందని నువ్వు చెప్పింది నాకు గుర్తుంది. …మరలు కూడా బిగించా. …మరీ బిగించలేదు. గడి కాస్త ఆడాలి, బిగుసుకుపోకూడదు, తెలుసు. నాకు పాఠాలు చెప్పకు. …అట్టముక్కా? ఉంది. ఫోన్ రీచార్జి కార్డు కోసి గడి కింద ఎత్తు కోసం పెట్టావే, ఆ ముక్క అలాగే ఉంది. ఎవరు తీస్తారు దాన్ని? ఈ ఇంట్లో నేను పెట్టిన వస్తువు నేను తీసేదాకా అక్కడే ఉంటుంది.

…ఇప్పుడా? సరే, ఎక్కుతున్నా. ఆగు, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకోనీ. ఆ… పై ఎర్ర గడి, ఎడమది… పట్టింది. కుడిది… పట్టింది. కింద నీలం… రెండూ పట్టాయి. మధ్యది…

…

పట్టింది.

…మళ్లీ పట్టింది. …ఇందాక పట్టలేదని చెబుతున్నా కదా! నువ్వు వింటున్నావని బుద్ధిగా పనిచేస్తోంది దొంగముండ. పిల్లాడు డాక్టర్ ముందు దగ్గు మానేసినట్టు.

…అబద్ధం నేనెందుకు చెబుతాను? …సరే, మధ్య గడి వదిలేయ్. ప్యాడ్ మొత్తం ఊగుతోంది. …ఊగుతోందంటే ఊగుతోంది. పడవ ఎక్కినట్టు. కాలు ఒక చోట వేస్తే ఒళ్లు ఇంకో చోటికి పోతోంది. ఆ బంతులు తీసేయాలి ఫిదెన్.

…టెన్నిస్ బంతులే. నువ్వు పెట్టినవే.

…తెలుసు. ఎండలో డాబా మీద కూర్చుని రంపంతో ఒక్కో బంతీ సగానికి కోశావ్, తెలుసు. చెయ్యి కూడా తెగింది. రెండు చెక్కల మధ్య వాటిని బోర్లించి అంటించి, పైన ప్యాడ్ పెట్టి, "ఇక నువ్వు ఏనుగులా గంతులేసినా కింది ఇంటికి చీమ నడిచినట్టు కూడా వినపడదు" అన్నావ్. …నిజమే. నువ్వు చెప్పినట్టే అయింది. చీమంత కూడా పోవట్లేదు.

…అందుకే తీసేయమంటున్నా.

…వద్దు, ఆ గుడ్డ మ్యాట్ ఊసే ఎత్తకు. మొదట్లో అదేగా కొన్నా, చవగ్గా వస్తోందని. నాలుగు వైపులా టేపు వేసి నేలకి అంటించినా రెండు పాటలకల్లా కాళ్లకి చుట్టుకునేది. పెద్ద పండగ కోడిలా కాళ్లు కట్టేసుకుని పడ్డాను ఒకసారి, సోఫా అంచు తగిలి పెదవి చిట్లింది. …ఇనపదీ వద్దు. మూడో అంతస్తుకి ఎవరు మోస్తారు, నువ్వా? నాకు ఈ చెక్కదే చాలు. బంతులు మాత్రం పీకేసి, ఇదివరకులా నేల మీద పెట్టెయ్. అంతే. ఈ వారం రాగలవా?

…ఎందుకో ఒకందుకు. నా ప్యాడ్, నా ఇష్టం.

…

—లేదు, ఉన్నా లైన్లోనే. …ఆ కేకా? గ్యాసు బండి. వీధిలో పోతున్నాడు.

…

విన్నావా?

…ఏం వినపడలేదు కదా. వాడి కేక తప్ప. …అదే చెబుతున్నా. ఇదివరకు వాడు "గ్యాస్" అని నోరు తెరిస్తే చాలు, కింది ఇంట్లోంచి ఆవిడ లేచేది. "చెవిటోళ్లకా అమ్ముతున్నావ్, నీ గొంతు పడిపోను" అని. వాడు కావాలనే ఇంకోసారి అరిచేవాడు. ఇప్పుడు చూడు, ఒక్కసారి అరిచి పోయాడు.

…దోన్యా ఎపిఫానియా, ఆ పెద్దావిడ. రెండో అంతస్తు, సరిగ్గా నా కింద. నువ్వూ చూశావ్, మొదటిసారి ప్యాడ్ తెచ్చినప్పుడు మెట్ల మీద చీపురు పట్టుకుని, "ఆ చెక్క ఏంటి, శవపేటికా" అని అడిగిందే… ఆ, ఆవిడే.

…కొట్టట్లేదు ఫిదెన్.

…చీపురుకట్టతో. కప్పు మీద. కొట్టడం మానేసింది.

…నవ్వు. నవ్వుకో. నాకూ మొదట్లో నవ్వే వచ్చింది. పీడా పోయిందనుకున్నా. మా బిల్డింగ్ సంఘం మీటింగ్‌లో ఆ కొత్త కార్యదర్శి లేచి, "మూడో అంతస్తులో గుర్రాలు పెంచుతున్నారా" అన్నప్పుడు తల కొట్టేసినట్టయింది. అందుకే నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి బంతులు వేయించుకున్నా. వాటికి తోడు హెడ్‌ఫోన్లు. పాట నా చెవుల్లోనే, అడుగు నా కాళ్ల కిందే. ఎవ్వరికీ ఏ ఇబ్బందీ లేదు. …అబ్బే, ఫిర్యాదు చేసింది ఆవిడ కాదు! అదే నా బాధ. ఆ మీటింగ్‌లో ఆవిడ నోరే విప్పలేదు. వెనక కుర్చీలో కూర్చుని నేల చూపులు చూసింది. అందరికంటే ముందు లేచి నన్ను కడిగేయాల్సిన మనిషి. అప్పుడైనా నా బుర్రకి వెలగలేదు.

…ఏం వెలగాలా? ఎలా చెప్పను…

చూడు. మొదట్లో ఆవిడకీ నాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఒప్పుకుంటా. నేను పని నుంచి వచ్చి షూ కట్టుకుంటే చాలు, టక టక టక మని కొట్టేది. నేను ఇంకా గట్టిగా తొక్కేదాన్ని. కప్పు సున్నం రాలి ఆవిడ కాఫీలో పడాలని. …పడిందట కూడా. మెట్ల మీద చెప్పింది.

తర్వాత తర్వాత… ఎప్పుడు మారిందో నాకూ తెలీదు. ఆవిడ టీవీ సీరియల్ మొదలవుతుంటే ఒక్కటే కొట్టేది, పొడిగా. నేను ఆపేసేదాన్ని. అది అయిపోగానే ఇంకోటి. అంటే ఇక ఆడుకోవచ్చని. జపమాల తిప్పుకునే వేళయితే మెల్లిగా కొట్టేది, దేవుడికి వినపడకూడదన్నట్టు. ఒకసారి ఒక పాట మీద నేను పదే పదే ఓడిపోతున్నా. అదే మలుపు, కాళ్లు మెలి తిరిగే చోటు, ప్రతిసారీ అక్కడే పోతోంది. చివరికి దాటేశా. పాటంతా తప్పు లేకుండా అయింది. కిందనుంచి టక్ టక్ టక్ టక్… …ఆ! చప్పట్లు! ఆవిడకి తెర కనపడదు, బాణాలు కనపడవు. అడుగులు విని కనిపెట్టింది, ఈ పిల్ల ఎక్కడ ఆగిపోతోందో, ఎప్పుడు దాటిందో.

…ఉహూ. ముఖాముఖి మాట్లాడింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మెట్ల మీద ఎదురైతే మొహం ముడుచుకుని పక్కకి జరిగేది. నేనూ అంతే. మా ఇద్దరికీ మధ్య కప్పు ఉంటేనే పొసిగేది.

ఇంకోటి చెబుతా, నవ్వకు. పోయినేడు వానల్లో నాకు జ్వరం వచ్చింది గుర్తుందా? …నీకు చెప్పలేదులే. ఎవరికీ చెప్పలేదు. మంచం దిగలేదు. ఆట లేదు, పాట లేదు, ఇల్లు చీకటి. ఒక సాయంత్రం కిందనుంచి టక్ మంది. నేను చప్పుడు చేస్తే కదా ఆవిడ కొట్టాలి? చెయ్యలేదు. అయినా కొట్టింది. కాసేపాగి మళ్లీ. …అదే. ఉన్నావా అని. గోడ పట్టుకుని లేచి, ప్యాడ్ దాకా వెళ్లి, మధ్య గడి మీద ఒక్క అడుగు వేశా. అప్పుడు ఊరుకుంది.

ఆ రోజు కంటినిండా నిద్రపోయా ఫిదెన్.

…

లాండ్రీలో పొద్దున్నించి సాయంత్రం దాకా ఆవిరి ఇస్త్రీ ముందు నిలబడతాను. మిషన్ల హోరు. ఎవరూ మాట్లాడరు, మాట్లాడినా వినపడదు. ఇంటికొస్తే నేనూ నా గోడలూ. రోజు మొత్తం మీద "నువ్వున్నావని నాకు తెలుసు" అన్నది ఆ చీపురుకట్ట ఒక్కటే. దాన్ని నేనే చేతులారా ఆపించుకున్నా. నీకు కూలి ఇచ్చి మరీ.

…అడగడానికేం? ఏమని అడగను? "అమ్మా, మీరు నన్ను తిట్టడం మానేశారేంటి" అనా?

…వెళ్లకేం, వెళ్లా. పని నుంచి వస్తూ రెండో అంతస్తులో ఆగా. తలుపు ముందు నిలబడ్డా. చెయ్యెత్తా… దించేశా. …లోపల ఏ అలికిడీ లేదు. కిటికీకి తెర వేసే ఉంది. ఆవిడ పిట్ట పంజరం ఎండలో వేలాడేది, అదీ బయట లేదు. …మేనల్లుడు తీసుకెళ్లి ఉంటాడా? ఏమో. ఉన్నాడో లేడో కూడా తెలీదు. అడిగానా ఎప్పుడైనా?

…భయం. ఇంకేంటి. తలుపు తియ్యకపోతే? తీసి ఇంకెవరో మొహం పెడితే? "ఆవిడా? పోయి చాన్నాళ్లయిందే. మీకు తెలీదా, పైనే ఉంటారుగా" అంటే? పైనే ఉంటాను ఫిదెన్. ఆవిడ నెత్తి మీదే ఎగురుతూ ఉంటాను. ఏ మొహం పెట్టుకుని తెలీదని చెప్పను?

అందుకే బంతులు తీసేయమంటున్నా. చప్పుడు కిందికి పోతే, ఆవిడ ఉంటే, కొడుతుంది. తలుపులూ మెట్లూ ఏమీ అక్కర్లేదు. …పిచ్చే. పిచ్చి కాదని నేనన్నానా?

…ఏం పరీక్ష? …ఫోన్ నేల మీదా? ప్యాడ్ పక్కన… సరే. బంతులు ఎంత ఆపుతున్నాయో విని చూస్తావా? ఇప్పుడు కూడా నీ పనితనం గొప్పే కావాలా నీకు! …సరే సరే. కానీ నేల మీద పెడితే నువ్వు చెప్పేది నాకెలా వినపడుతుంది? ఆగు, ఆట హెడ్‌ఫోన్లు దీనికే తగిలిస్తా. తీగ పొడుగ్గానే ఉంది. …ఆ, ఇప్పుడు మాట్లాడు. …ఆ, చెవిలో మోగుతున్నావ్. దీనికి మైకు లేదులే, నా మాట ఫోనే లాక్కుంటుంది.

పెట్టా. గోడ పక్కన, వట్టి టైలు మీద.

ఆడుతున్నా. …ఎర్ర… నీలం… మధ్య… మధ్య… గెంతుతున్నా. …గట్టిగానే గెంతుతున్నా!

…ఏమీ లేదా? అస్సలు? …నీ చేతులకి బంగారు కడియం తొడగాలి. సంతోషమా?

…దిగి? వట్టి నేల మీద తొక్కాలా?

…

ఫిదెన్… జవాబు రాకపోతే?

…

…ఆ. నువ్వున్నావులే. సరే. ఉండు, మడమ గట్టిగా ఉన్న జోళ్లు వేసుకుంటా. లాండ్రీ జోళ్లు.

…తొక్కుతున్నా.

…విన్నావా? …మరి! అడుగంటే అదీ. వంటింట్లో గ్లాసులు కూడా గలగలమన్నట్టు కదిలాయి.

…

…లేదు. ఏం లేదు. చెప్పాను కదా.

…ఇంకోసారా? …సరే, రెండు కాళ్లతో.

…

…

లేదయ్యా. వద్దు. చాలు. బంతులు ఉంచుతావో తీస్తావో నీ ఇష్టం. …ఏడవట్లేదు. ముక్కు కారుతోంది అంతే. నువ్వు వెళ్లు, నీ పిల్లలు ఎదురుచూస్తుంటారు—

ఏంటి?

…నేనా? నేనేం కొట్టలేదు. …కాలు కదిపితే ఒట్టు. కొయ్యలా నిలబడి ఉన్నా. …టక్ టక్ అనా? ఫోన్లో గరగరేమో చూడు. …ఇప్పుడా? మళ్లీనా?

…నాకేం వినపడట్లేదు, చెవులకి ఈ డబ్బాలున్నాయి కదా! తీసేస్తున్నా. తీస్తే నీ మాట నాకు వినపడదు. ఊరికే ఉండు. ఊపిరి కూడా తియ్యకు.

…

…

ఫిదెన్. ఉంది.

చెవి నేలకి ఆనించా. ఉంది. చిన్నగా… ఇది చీపురుకట్ట కాదు. కప్పు మీద కాదు. గోడ వారగా, కిందెక్కడో… నీళ్ల గొట్టం. గొట్టం మీద చెంచాతోనో దేనితోనో కొడుతోంది. మంచం పక్కనుంచే పోతుంది ఆ గొట్టం, నా గదిలోనూ అక్కడే…

పడుకుని కొడుతోంది. మంచం మీద నుంచే కొడుతోంది ఫిదెన్. చెయ్యి పైకి లేవట్లేదు ఆవిడకి.

ఎన్నాళ్ల నుంచి కొడుతోందో! నేను కాళ్ల కింద బంతులు పరుచుకుని, చెవుల్లో పాటలు కూరుకుని… నిన్న కూడా ఆడాను. మొన్న కూడా. ఆడి, అయిపోయాక ఇక్కడే నిలబడి, ఆవిడకి నేను అక్కర్లేదని ఏడ్చాను.

దోన్యా ఎపిఫానియా! వస్తున్నా! …మాట కిందికి పోదు కదూ. ఆగు—

…ఆ. తొక్కా.

…కొట్టింది. వెంటనే కొట్టింది!

వెళ్తున్నా. తలుపు తియ్యలేకపోతే కాపలావాడి దగ్గర తాళం ఉంటుంది, లేకపోతే గడియ విరగ్గొడతా. ఫిదెన్, నువ్వేమంటున్నావో నాకు వినపడట్లేదు. ఏమన్నా సరే, పెట్టేయకు. ఫోన్ ఇక్కడే నేల మీద వదిలేస్తున్నా. నేను మెట్లు దిగేలోపు ఆవిడ మళ్లీ కొడుతుంది. ఈసారైనా ఎవరూ వినకుండా కొట్టనివ్వకు.